ఎడమ రెక్క

నా పని చిన్నది.
మూత వదులైన సీసాల్లో
ఆవిరైపోయినంత స్పిరిట్ మళ్ళీ పోయడం.
బెలెమ్‌లో మధ్యాహ్నం వాన గడియారం చూసుకుని వస్తుంది,
అది వెలిసేలోపు ఒక అలమర పూర్తవుతుంది.
ముప్పై ఒక్క ఏళ్ళుగా
చచ్చిన చేపల దాహం తీరుస్తున్నానని
మా ఆవిడ ఎగతాళి.

దొరాలిసి గారు ఏటికి వెళ్ళిన ప్రతిసారీ
నేను ఇక్కడే ఉన్నాను.
ఆవిడ ప్రయాణాలు నాకు చీటీల మీదే తెలుసు,
పెన్సిల్‌తో, చీమలబారు లాంటి అక్షరాల్లో.
"రియో నెగ్రో. రాతిచరియ కింద. మోకాలి లోతు.
నీళ్ళు డికాషన్ రంగు. రాత్రి రెండు గంటలు."
ఒక చీటీ మీద "జ్వరం" అని మాత్రమే ఉంది.
ఆ సీసాలో చేపేదో
ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

తిరిగొచ్చేది
తను సగమై, డ్రమ్ములు రెట్టింపై.
మోచేతుల మీద దోమకాట్లు చూపించి
"ఇవన్నీ ఒకే జాతివి కావు" అనేది.
తర్వాత నెలల తరబడి సూక్ష్మదర్శిని మీద వంగి
రెక్కముళ్ళు లెక్క, పళ్ళు లెక్క,
కంటికీ మొప్పకీ మధ్య దూరం లెక్క.
వెంట్రుకవాసి తేడా కోసం
నాకు తెలిసి మూడు కళ్ళజోళ్ళు అరగదీసింది.

"బెల్మిరో, రంగు నిలవదయ్యా" అనేది.
"నీళ్ళలోంచి తీశాక గుక్క తిప్పుకునేంత సేపే ఆ పసుపు.
నీ స్పిరిట్ అన్నిటికీ ఒకే ముసలి రంగు పూస్తుంది.
అందుకే ముందు రంగు రాసుకుంటాను,
పేరుదేముంది, తర్వాత చూసుకోవచ్చు."
ఆవిడ నోటుపుస్తకంలో ఒక జెల్ల పొట్ట గురించి
"పండీ పండని జామకాయ లోపల" అని ఉంది.
సీసాలో చూస్తే అది పాత చెప్పు తోలు.

ఎర్రదారం కట్టిన సీసాలు వేరే అలమరలో ఉంటాయి.
ఆ జాతికి లోకం మొత్తంలో మూలప్రతి అదొక్కటే అని గుర్తు.
వాటిలో ఒకదానికి
వీపంతా నల్లటి మచ్చలు. కాలిన మచ్చలు.

ఆ ఏడు నలభై రోజులు వల వేసినా
తెలిసిన చేపలే పడ్డాయట.
ఆఖరి రాత్రి, పడవ నడిపే జెనోబియో ఇంట్లో
అరిటాకుల్లో చుట్టి కాల్చిన చేపలు, కర్రపెండలం పిండి.
ఆవిడ చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది.
ఎదుట కూర్చున్న పిల్ల పళ్ళెంలో
ఎన్నడూ చూడని దవడ.

ఏడేళ్ళ పిల్ల కంచం లాక్కుంది మా సైంటిస్టు.
బదులుగా తన చేప ఇచ్చింది.
టార్చిలైటు కూడా ఇచ్చింది.
"పిల్ల ఏడుపు ఆపలేదు" అని
నోటుపుస్తకంలో తేదీతో సహా ఉంది.

కొత్త చేపకి తన పేరు పెడుతుందని
డైరెక్టరు గారు చాలా ఆశపడ్డారు.
ఆవిడ పిల్ల పేరు పెట్టింది, లిందౌర.
పత్రంలో పదకొండు పేజీల వర్ణన.
ఏడో పేజీలో ఒక వాక్యం:
"ఎడమ రెక్క లేదు. కారణం తెలియదు."

దొరాలిసి గారు పోయి ఆరేళ్ళు.
ఆవిడ బల్ల దగ్గర ఇప్పుడొక కుర్రాడు
చేపల్ని కంప్యూటర్‌లో కొలుస్తాడు, మంచివాడే.

మొన్న వానలో ఒకావిడ వచ్చింది.
మనౌస్‌లో నర్సట, నడివయసు, కారుతున్న గొడుగు.
"నా పేరున్న చేప ఇక్కడుందని చెప్పారు."

సీసా దీపానికి అడ్డం పట్టాను.
చాలాసేపు చూసింది.
ఏడుస్తుందేమోనని నేను అటు తిరిగాను.
వెనకనుంచి నవ్వు,
అలమరల్లో గాజంతా గలగలమనేంత నవ్వు.

"ఆ రెక్కా? కరకరలాడుతుందని
అన్నిటికంటే ముందు అదే తినేశాను.
ఆవిడ అడగలేదు మరి.
అడిగినా చెప్పేదాన్ని కాదు, ఏడుస్తున్నాగా."

మీ ఇంట్లో దీన్ని ఏమనేవాళ్ళని అడిగాను.
"ఏమంటాం, అన్నం వేళకి దొరికితే అదృష్టం అనేవాళ్ళం.
టార్చి మాత్రం చాన్నాళ్ళు వెలిగింది."

ఆమె వెళ్ళాక మూత తీసి అంచుదాకా పోశాను.
సీసాలో చీటీ ముట్టుకోకూడదని రూలు.
ముట్టుకోలేదు.
స్పిరిట్ లెక్కలు రాసే పుస్తకం తెరిచి,
ఆనాటి రెండున్నర లీటర్ల కింద,
పెన్సిల్‌తోనే,
"కారణం తెలిసింది" అని రాసుకున్నాను.