పదకొండో అధ్యాయం

మోరాగ్ గారూ,
మీ శవం మూడు రోజులుగా నా బల్ల మీదే ఉంది.
గుంటూరు, అరండల్‌పేట, మే నెల.
కరెంటు పోయింది. మీ ఊళ్ళో మాత్రం
సముద్రం మీంచి పొగమంచు లేచి
హంతకుడి అడుగులు తుడిచేస్తోంది.
ఆ మంచుకి మీ వాళ్ళకో మాటుంది, ఒక్క గుక్కది.
నా దగ్గరేముంది? యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
వీధి వీధంతా తుమ్మే మిరప ఘాటు.

చేపల కంపెనీలో లెక్కలు రాస్తూ
రాత్రుళ్ళు వంటింట్లో కూర్చుని
పదిహేడు మందిని చంపారట.
వెనక అట్ట మీద అంతే ఉంది. ఫొటోలో పిల్లి.
కానీ పోయిన ప్రతివాడి జేబులోనూ
ఏదో ఒకటి వదిలేస్తారు మీరు:
బస్సు టికెట్టు, సగం కొరికిన బిస్కెట్టు,
కూతురు తెమ్మన్న దారం రంగు రాసుకున్న చీటీ.
చంపడం ఎవరైనా చంపుతారు.
ఆ దారం రంగు దగ్గర
నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

మీ ఇన్‌స్పెక్టరు తిట్టే తిట్టుకి
కింది వాటా కోటేశ్వరమ్మని అడిగాను.
అడిగిందానికి రెండు ఎక్కువే ఇచ్చింది.

మంచు దగ్గరే ఆగాను.
రాత్రి రెండింటికి అంతా కొట్టేసి రాశాను:
'చాచిన చెయ్యి తనదో కాదో తెలియలేదు.'
అప్పుడొచ్చింది కరెంటు. ఫ్యాను తిరగ్గానే
మీ శవం తాలూకు కాగితాలు రెండు
ఎగిరి మంచం కిందకి దూరాయి,
ఇంకా ఎవరో వెతుకుతున్నట్టు.