చేబదులు

ఎండ ఫెళ్ళున కాస్తంది.
మేడ మీద ఆరు పలకలూ
నీళ్ళలోంచి లేచిన గేదె వీపుల్లాగ నిగనిగలాడతన్నాయి.
కింద ఫ్రిజ్జు నోరు మెదపదు.

రాత్రి గాలివానకి వంశధార ఇసకలో
రెండు స్తంభాలు కూలబడ్డాయంట.
పదకొండు గిన్నెల పెరుగు
గంటగంటకీ పులుపెక్కుతంది.
పుణ్యవతి హోటలుకి నాలుగు, హాస్టలుకి ఏడు.
ఎవులు కొంటారింక?

"నెత్తి మీద ఇంత నిప్పెట్టుకుని
పొయ్యిలో పిల్లి లేవకపోడమేటి?" అన్నాను.
మా దండాసి మాటాడలేదు.
ముప్పై రెండేళ్ళు కాశీనగరం లైన్లెక్కి దిగిన మనిషి.
కరెంటు పోతే ఇప్పటికీ
ఎవరో తనని పేరెట్టి తిట్టినట్టు ముఖం పెడతాడు.

పోయిన నెల పర్లాకిమిడి నించి కుర్రోడొచ్చేడు, బిభూతి.
"బ్యాటరీ ఒకటి పెట్టించండి మావుసీ,
ఊరు చీకటయినా మీ ఇల్లు వెలుగుతాది."
లక్షా ముప్పై రెండు వేలు.
కాయితం ఒడియాలో ఇచ్చేడు,
తగువు తెలుగులో మొదలయ్యింది.

నాను లెక్కేసేను.
గిన్నెకి పన్నెండు మిగిలితే పదకొండు వేల గిన్నెలు.
రోజుకి పదకొండు, వెయ్యి రోజులు.
అందులో ఒక్కనాడూ పాలు విరక్కూడదు,
గేదె వొట్టిపోకూడదు, నాకు జొరం రాకూడదు.
పదేళ్ళకి ఆ పెట్టె ముసల్దయిపోతాదంట.
అప్పటికి మేమెంత ముసలాళ్ళమో
ఆ లెక్క నాను వెయ్యలేదు.

"పగలు మనం పోసింది రాత్రికి లైనే తిరిగిస్తంది గదా,
చేబదులు బియ్యంలాగ.
మళ్ళీ ఇంట్లో గాదె ఎందుకు?" అన్నాడాయన.
బదులు పుచ్చుకున్న పక్కిల్లు
తాళమేసుకుని ఊరెళ్ళిననాడు
నాను ఎసట్లో ఏటి పొయ్యను?

ఈ మధ్యాన్నం మేడ మెట్ల మీద కూకుని
ఎప్పుడూ చెప్పనిది చెప్పేడు.
"లైను పోతే పలకలెందుకు ఆగిపోతాయో తెల్సా?
ఆ స్తంభం మీద ఒక మనిషుంటాడు.
చచ్చిన తీగ అనుకుని చెయ్యేస్తాడు.
అప్పుడు ఏ ఇంట్లోంచో కరెంటు ఎదురొచ్చిందనుకో..."
అక్కడితో ఆపేసి
చెప్పు అంచున మట్టి గోక్కున్నాడు.

ఖగేశ్వర్ అలగే పోయేడంట.
తుపానొచ్చిన ఆరో రోజు.
ఏ మిల్లోడో అడ్డు స్విచ్చి లేకండా
జనరేటరు వేసుకున్నాడు.
కింద నిచ్చెన పట్టుకున్నది మా ఆయనే.
ఇన్నేళ్ళూ నాతో "పిడుగు" అన్నాడు.

నాను మేడెక్కేను.
పొద్దున్నించి తిట్టుకున్న పలకలు
ఎండంతా మీద పడుతున్నా కదలకండా,
ఎవరో కిందకి దిగేవరకు
ఊపిరి బిగబట్టినట్టున్నాయి.

ఆ పెరుగు చిలికి, నీళ్ళు పోసి,
ఉప్పూ అల్లమూ దంచి వేసేను.
రెండు బిందెల మజ్జిగ ఇసకలోకి వెళ్ళింది.
ఎవరు మోసుకెళ్ళేరో నాను చెప్పక్కర్లేదు.

చీకటి పడ్డాక వచ్చేడు, కాళ్ళ నిండా ఇసక.
"రేప్పొద్దున్నకి గాని రాదు.
కుర్రాళ్ళు బాగానే లాగుతన్నారు."
అన్నం తినేసి, టార్చి పట్టుకుని,
వరండా గోడ మీద జానలు కొలిచేడు.
మా ఇంట్లో ఎండ తగలని గోడ అదొక్కటే.
నాలుగు జానలు, మీద బెత్తెడు.

"బిభూతిగాడు అడ్డు స్విచ్చి ఎక్కడ పెడతాడంట?
నా చేతికందాలి," అన్నాడు.
కొందామనలేదు. వొద్దనీ అన్లేదు.

ఆ గోడకే, మేకుకి,
ఆయన నడుం బెల్టూ రబ్బరు తొడుగులూ ఉన్నాయి.
తొడుగుల వేళ్ళు ఇప్పటికీ
దేన్నో పట్టుకున్నట్టు వంగే ఉంటాయి.
టార్చి వాటి మీద కాసేపు నిలిపేడు,
ఆర్పేసేడు.