మంచం కింద నూనె

జీతం పడిన పూటే
మా అత్త జుల్మా చెప్పులేసుకుంటుంది.
బుధవారమైతే మరీ మంచిది,
ఆ కార్డు మీద వందకి ఇరవై తగ్గుతుంది.
రేపటిదాకా ఆగితే
అదే బియ్యం, అదే సంచీ,
దాని మీది చీటీయే వేరు.

రొసారియోలో ధరలు కొండెక్కవు.
ఎక్కడానికి ఇక్కడ కొండలేవీ?
అంతా బల్లపరుపు నేల.
మా నదిలాగే పొంగుతాయి,
రాత్రికి రాత్రి, చప్పుడు లేకుండా,
పొద్దున లేచేసరికి చీలమండల దాకా.

పెళ్లయిన కొత్తలో నేను
బిస్కెట్ల డబ్బాలో నోట్లు దాచాను.
ఏడాదికి తీసి చూస్తే
ఫ్రిజ్ కోసం దాచినవి
ఫ్రిజ్ తలుపుకి వచ్చేలా ఉన్నాయి.
అత్త నవ్వలేదు, తిట్టలేదు.
తన మంచం దుప్పటి అంచు ఎత్తి చూపించింది:
పొద్దుతిరుగుడు నూనె సీసాలు పదకొండు,
సేమ్యా పొట్లాలు, బట్టల సబ్బు,
ఎవరి పెళ్లిలోనో మిగిలిన కొవ్వొత్తులు.
"నోటు కరుగుతుందే పిల్లా,
నూనె కరగదు."
ఆ మంచం మీదే గుర్రు పెట్టి నిద్రపోతుంది,
బ్యాంకు మీద పడుకున్నట్టు.

మొదట్లో నాకు సిగ్గేసేది.
ఒకసారి తాగేసిన మాతే ఆకుని
పాత పేపరు మీద పరిచి
మేడ మీద ఎండబెట్టేది.
ఆ రెండో కాపు రుచి ఎలా ఉంటుందంటే
ఎవరో చెప్పిన కబురుని
ఇంకెవరో మళ్లీ చెప్పినట్టు.

పేస్టు గొట్టాన్ని కత్తెరతో నిలువునా చీల్చి
లోపలి గోడలు చూపించేది:
"ఇందులో ఇంకా నాలుగు రోజులున్నాయి."

మాంసం బదులు వంకాయ ముక్కలకి
రొట్టె పొడి అద్ది వేయించి పెడితే
మా ఆయన ఒస్మార్
మొహంలో ఏ మార్పూ లేకుండా
"ఈ వారం దూడ చాలా లేతగా ఉంది" అంటాడు.

సంత మూసే వేళకి పద్దెనిమిది వీధులు నడిచివెళ్లి
మెత్తబడ్డ టమాటాలు సగం ధరకి తెచ్చేది,
ఉడికించి సీసాలకెత్తేది.
చెప్పుల అరుగుదల లెక్కేశావా అని నేనడిగితే
ఆ సాయంత్రమంతా పెన్సిల్ పట్టుకుని కూర్చుంది.
మర్నాడు బస్సెక్కింది.
మూడోనాడు మళ్లీ నడిచింది,
"చెప్పులు కుట్టేవాడు నాకే బాకీలే" అంటూ.

జూలై చలిలో ఒక రాత్రి
పక్కింటి ఎలెవుతేరియో తలుపు తట్టాడు.
అచ్చాఫీసు మూతపడి మూడు నెలలు.
చేతిలో ఖాళీ కప్పు.
అత్త కప్పు వైపు చూడలేదు.
మోకాళ్ల మీద వంగి
మూత విప్పని సీసా ఒకటి లాగి ఇచ్చింది.
పుస్తకంలో తేదీ వేసి రాసింది:
సీసా, ఒకటి.
ధర రాయలేదు.
"పెసోల్లో రాస్తే
అతను తీర్చేనాటికి అది అప్పు కాదు, ఎగతాళి."

జనవరి ఎండల్లో తెచ్చిచ్చాడు.
వేరే కంపెనీది, ఎర్ర మూత.
అప్పటికి నూనె మూడింతలు.
ఇద్దరూ ఆ మాటే ఎత్తలేదు.
అత్త గీత కొట్టేసింది,
ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు,
పొయ్యి మీద నీళ్లు పెట్టింది.
ఆ పూట ఆకు కొత్తది.

ఇప్పుడు ఆవిడకి చూపు ఆనట్లేదు,
పుస్తకం రాసేది నేను.
పాత పేజీలు తిరగేస్తే
ప్రతి ఆదివారం కింద ఒక వరుస ఖాళీ.
కూడిక మాత్రం ఎప్పుడూ
కాస్త తక్కువే తేలేది.

మొన్న మూలమీది బేకరీ ముందు దొరికిపోయింది.
నెలవంక రొట్టె, వేడివేడిది, నిండు ధరకి కొన్నది,
నిలబడే తింటోంది,
కళ్లు మూసుకుని.
నన్ను చూసి పెదవుల మీది చక్కెర తుడుచుకుంది.
మిగిలిన సగం నా చేతిలో పెట్టి
"ఇది రాయకు" అంది.

రాయలేదు.
ఒక వరుస వదిలేసి
సోమవారం మొదలుపెట్టాను:
గుడ్లు, ముప్పై.