పడమటి కిటికీ

పెన్‌రిత్‌లో రోహిణి కార్తె పుష్యమాసంలో వస్తుంది.
పగలడానికి రోళ్ళు లేవు గనక
మధ్యాహ్నం మూడింటికి
పడగ్గది అద్దం చిటుక్కుమంటుంది, రోజూ.

ఆ గదిలో పగటిపూట పడుకునేది నేను.
రాత్రంతా రొట్టెల ఫ్యాక్టరీలో పొయ్యి ముందు నిలబడి
ఇంటికొచ్చి ఇంకో పొయ్యిలో నడుం వాలుస్తాను.
మూడు వేసవులుగా ఆ అద్దానికి వెండికాగితం అంటించి ఉంది,
పులిహోర పొట్లాలు కట్టే చుట్టలోదే.
మూల ఎక్కడో కాస్త ఊడితే చాలు,
ఎండ సన్నగా దూరి
నా చీలమండ మీద వాత పెడుతుంది.

శనివారం ఫాదీ వచ్చాడు, అద్దాలాయన,
చేతిలో సంగీతం మేష్టారి హార్మోనియం పెట్టె లాంటిది.
భోజనాల బల్ల మీద ఎర్రదీపం వెలిగించి
దాని ముందు అద్దం ముక్క నిలబెట్టి
"వెనక చెయ్యి పెట్టండి" అన్నాడు.

మొదటిది మామూలు అద్దం. ఉన్నా లేనట్టే.
రెండోది నల్లద్దం. కాసేపు బాగానే ఉంది.
తర్వాత అదే కాగిపోయి,
కోపం దిగమింగుకున్న మనిషిలా
కొంచెం కొంచెంగా నా మీదికి వదలసాగింది.
మూడోది రెండు పొరలు,
మధ్యలో ఏదో బద్ధకపు వాయువు,
లోపలెక్కడో కంటికి ఆనని వెండి పూత.
చెయ్యి తీయకుండా ఉంచాను.
వెలుగొచ్చింది. వేడి గుమ్మంలోనే ఆగిపోయింది.
హంస పాలనీ నీళ్ళనీ విడదీస్తుందంటే
చిన్నప్పుడు నేను నమ్మలేదు.

"ఫ్రేము మాత్రం ఉత్త అల్యూమినియం వద్దు," అన్నాడు ఫాదీ,
"పులుసులో వదిలేసిన గరిటె అది" —
అతను సూప్ అన్నాడు, నాకు పులుసని వినబడింది.

నరహరి ఫోన్లో లెక్క కట్టాడు.
ఈ ఒక్క కిటికీ డబ్బుతో
ఇంట్లో అయిదింటికీ నల్లద్దాలొస్తాయట.
"నువ్వు పడుకునేది రాత్రిపూట" అన్నాను.
ఆ మాటకి ఫాదీ లేచి పెరట్లోకి వెళ్ళాడు.

తిరిగొచ్చి చెప్పాడు:
ఉత్తరం సంగతి చూరు చూసుకుంటుంది,
వేసవిలో ఎండ అక్కడ నడినెత్తికెక్కుతుంది.
తూర్పుది కాఫీ వేళ చుట్టం, ఉండమన్నా ఉండదు.
పడమటిదే, దిగజారి, చూరు కింద నుంచి
వంగి మరీ మంచందాకా వస్తుంది.
"ముందు బయట గుడ్డ పందిరి వేయించండి.
అద్దం దాకా వచ్చిన ఎండని బతిమాలడం దండగ.
అది నేను అమ్మను."

తెనాలిలో నాన్న పనిచేసిన తపాలాఫీసులో
వట్టివేళ్ళ తడికలుండేవి.
వాటిని తడపడానికే సింహాద్రి అని ఒకడు,
గంటకోసారి చెంబుతో వచ్చేవాడు.
ఆ వాసనే గుర్తుంది ఇన్నాళ్ళూ.
అవి కిటికీకి బయటి వైపున వేలాడేవన్న సంగతి
ఇప్పుడు తట్టింది.

పందిరి వేశాం. ఒక్క కిటికీయే మార్చాం.
మిగతా నాలుగూ నరహరి మొహంలాగే
వచ్చే ఏడాదికి ఎదురుచూస్తున్నాయి.

పని ముగిశాక మొదటి మధ్యాహ్నం.
బయట నలభై ఒకటి.
పందిరి అంచు కింద పక్కింటి నోరీన్ దుప్పట్లు,
దండెం మీద అప్పుడే ఎండి బిర్రబిగిసినవి.
వాటి వెనక కొండలు.
ఇన్నేళ్ళూ నా తలాపున ఉన్నాయి కొండలు!
నిద్రపోవాల్సినదాన్ని, మంచం మీద కూర్చుని చూస్తున్నాను.

మరీ అంత నీలమా?
పూత రంగేమో అది?
అనుమానం వచ్చాక ఊరుకోలేకపోయాను.
గొళ్ళెం తీసి, జానెడు తెరిచాను.

మొహం మీద పెనం ఆవిరి.
అదే నీలం.

వంటింట్లోంచి నరహరి కేక:
"ఎవరది, కిటికీ తెరిచింది?"