పోయిన పుస్తకాల పద్దు

పేరు తెలీదు.
నా చేతికొచ్చేసరికే అట్ట లేదు.
లోపల ఒక ఎండ్రకాయ,
దానికి గొడుగు కుట్టడానికి ఒప్పుకున్న దర్జీ,
ఏటవాలుగా ఆకుపచ్చ వాన.
వాన పచ్చగా ఎందుకుందని అప్పుడు అడగలేదు.
నలభయ్యేళ్ల తర్వాత
అదే నిద్ర పట్టనివ్వడం లేదు.

విజయనగరంలో, కోట వెనక,
పాత పుస్తకాల ఖాదర్‌ని అడిగాను.
"రాసిందెవరు?"
"గుర్తులేదు."
"ఏ సంవత్సరం?"
"మా ఇంట్లో కరెంటు లేని సంవత్సరం."
నవ్వి, టీ ఇప్పించి పంపేశాడు.

టెక్కలిలో కాగితాలు తూకానికి కొనే కొట్లో
మూడు గోనెసంచులు ఒలకబోసుకు కూర్చున్నాను.
గైడ్లు, పంచాంగాలు, ఎవరివో పంచకుండా మిగిలిన శుభలేఖలు.
కొట్టువాడి కొడుకు నాతోపాటు వెతికి వెతికి
"ఎండ్రకాయైతే కూరొండుకోవాల గానీ
గొడుగెందుకు బాబూ?" అన్నాడు.
అదీ ఆ పుస్తకంలోనే ఉండాలి.

చివరికి కాశీబుగ్గ, శాఖా గ్రంథాలయం.
తుపాను ఎత్తుకుపోయాక వేసిన కొత్త రేకులు,
తడిసి ఆరి అప్పడాల్లా ఉబ్బిన రిజిస్టర్లు.
తవిటయ్య మాస్టారు రిటైరై తొమ్మిదేళ్లు,
తాళంచెవి మాత్రం ఇంకా ఆయన మొలతాడుకే.
వేలు తడిచేసుకుంటూ తిప్పి తిప్పి
పోయిన పుస్తకాల పద్దు దగ్గర ఆగాడు.

పేరున్నచోట చెదలు.
తినగా మిగిలింది "కు గొడుగు".
జరిమానా: రెండు రూపాయల పావలా.
కట్టినవారు: బమ్మిడి దాలమ్మ.
"బాకీ ఏమీ లేదు" అన్నాడు మాస్టారు,
నేనేదో తీర్చడానికొచ్చినట్టు.

మా అప్ప.
అప్పటికి దానికి పదమూడు.
జీడిపిక్కల షెడ్డులో కిలోకి ముప్పై పైసలు,
అంటే ఏడున్నర కిలోలు.
రాత్రిళ్లు బుడ్డిదీపం ముందు
జీడిచమురు తిన్న వేళ్లతోనే పేజీ తిప్పేది,
చదివినంతమేరా మూలల్లో నల్ల ముద్రలు.

గ్రంథాలయం మెట్లమీంచే ఇచ్ఛాపురానికి ఫోన్ చేశాను.
"ఏ పుస్తకంరా?
ఓ, ఎండ్రకాయదా!
బడికాడ వానొస్తే తలమీదెట్టుకుని వచ్చీసినావు కదా.
బొమ్మల రంగంతా కారిపోయి
నీ మొహం పచ్చగా, సిలకనాగ.
నవ్వలేక సచ్చినాను."

జరిమానా మాట నేను ఎత్తలేదు,
అదీ ఎత్తలేదు.
వెనక కుక్కరు కూత.
పెట్టేస్తుందనుకున్నాను.

"ఒరే, సగంలోనే కదా మనం ఆగిపోనాం.
ఆకరికి ఆ దర్జీ
గొడుగు ఇచ్చినాడేటి దానికి?"