ఏడో గడిలో గుర్రం

ఉత్తరం చీకటి పడ్డాక వచ్చింది.
మారిబోర్ కోర్టు రెండో అంతస్తులో
నా బల్ల మీద పదకొండు పేజీలు,
చివరి పేజీలో రొమేనియా వాళ్ళ నీలి ముద్ర.
తెల్లారేలోగా దాన్ని
ఒక భాష గట్టు నుంచి ఇంకో గట్టుకు చేర్చాలి.
నేను పడవ నడిపేదాన్ని మాత్రమే,
సరుకెవరిదని అడగను.

అడగను సరే,
చదవకుండా అనువదించడం ఎవరి తరం?

మొలిడేని అనే ఊరు. పద్నాలుగు బడులు.
బాయిలర్లు కొన్నట్టు బిల్లులున్నాయి
బిగించినట్టు సంతకాలున్నాయి
బాయిలర్లు లేవు.
నాలుగో సాక్షి సెవాస్తియా, లెక్కల టీచరు:
"జనవరిలో పిల్లలు చేతితొడుగులతోనే రాసేవాళ్ళు.
సిరా గడ్డకట్టేది. పెన్నుల్ని చంకలో కాచుకునేవాళ్ళు.
చివరి బెంచీ కుర్రాడొకడు
గోడకున్న ఖాళీ పైపు మీద అరచేతులు పెట్టి
అబ్బ, కాలిందనేవాడు.
మేమంతా నవ్వేవాళ్ళం."

అక్కడ ఆగాను.
ఆ నవ్వుకు సరిపడే నవ్వు
ఇవతలి గట్టున ఎంత వెతికినా లేదు.
"నవ్వేవాళ్ళం" అనే రాసి ముందుకెళ్ళాను.

డబ్బు మాత్రం చలికి వణకలేదు.
ఒక దీవిలో పేరు మార్చుకుంది
ఒక బ్యాంకులో రెండు రాత్రులు పడుకుంది
ఇంకెవరి బావమరిదికో అప్పయింది
ద్రావా నది దాటి మా వైపు వచ్చేసరికి
దానికి నాలుగు కాళ్ళు, నుదుట తెల్లచుక్క.

ఫారంలో ఏడో గడి. ఆస్తి వివరాలు:
ఆడగుర్రం. ఆరేళ్ళు. గోధుమరంగు. పేరు విహార్.
"స్తంభింపజేయవలెను."

నాకొచ్చిన రెండు భాషల్లోనూ
ఆ మాట మంచు కిందే పుట్టింది.
బడిలో సిరాకు ఏ క్రియ రాశానో
గుర్రానికీ అదే రాశాను.
వేరే మాట లేక.

పొద్దున్నే జడ్జి నేజా వ్రాబిచ్
కళ్ళజోడు నుదుటికెత్తి ఒకసారి,
కిందికి దించి ఒకసారి చదివి సంతకం పెట్టింది.
దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగితేనే
నవ్వుతారు జనం.
ఇక్కడ ఆరేళ్ళు.
మొరగడానికి రెండు దేశాల ఒప్పుదల,
మూడు నకళ్ళు, ఒక అనువాదం.
అయినా మొరిగాయి కదా,
అనుకున్నాను మెట్లు దిగుతూ.

శాల ఊరి బయట, ద్రాక్షతోటల వెనక.
అమీనా ఉత్తర్వు చదువుతుంటే
శాల కాపరి హ్లెబెత్స్ టోపీ తీయలేదు.
"ఓనరు మూడు నెలలుగా జీతమివ్వలేదు.
ఇప్పుడు దీన్ని గడ్డకట్టించారు, బాగుంది.
మరి మేత ఎవరు వేస్తారు?
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు,
జప్తయితే తప్పుతుందా?"

అమీనా ఫారం తిరగేశాడు.
ఏ గడిలోనూ ఓట్లు లేవు,
ఎండుగడ్డి లేదు, లాడాలు లేవు.
కోర్టుకు ఫోన్ చేశాడు,
కోర్టు ఇంకెవరికో చేసింది,
అటు నుంచి వచ్చిన జవాబు:
కనుక్కుని చెప్తాం.

ఈలోగా విహార్
తలుపుకు అంటించిన ఎర్ర టేపు వాసన చూసి
నచ్చక
నా వైపు మెడ చాచింది.
చేతితొడుగులు కారులో మరిచిపోయాను.
వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.
ఆలోచించకుండానే దాని ముక్కు కింద పెట్టాను.

కాలింది.

ఎక్కడికి పోయిందని
పదకొండు పేజీల పొడవునా వెతికారో ఆ వేడి
ఇక్కడే ఉంది, తడిగా, గడ్డి వాసనతో,
ఒక్కో ఊపిరికీ కాస్త కాస్త
నా అరచేతుల్లోకి.
తప్పు చేస్తున్నదానిలా చేతులు వెనక్కి తీసుకున్నాను.
అది మళ్ళీ మెడ చాచింది.
దానికేం తెలుసు, తను ఎవరి డబ్బో.

హ్లెబెత్స్ టోపీ సర్దుకుని
ఒక మోపు గడ్డి విదిలించి దాని ముందు పడేశాడు.
"ఇది నా ఖాతాలో" అన్నాడు,
"ఈ పూటకి."

సాయంత్రం నా బల్ల మీద కొత్త కాగితం:
గడ్డి బిల్లు, రొమేనియా భాషలోకి.
అర్జెంటు.