గుమ్మం

ఒకప్పుడు మా మందుల చీటీ
నైరోబీ వెళ్ళేది.
రెండు కరువులు గడిచాక వచ్చేది జవాబు:
"ఫారం మార్చి రాయండి."

ఇప్పుడు ఆఫీసు ఇక్కడే.
రేకుల షెడ్డు, కొత్త రంగు,
గోడమీద ఆగిన గడియారం.
స్టోరు తాళంచెవి కౌన్సిలరు బామ్మర్ది జేబులో,
టీకాల ఫ్రిజ్‌లో అతని సోడాలు.

"దూరపు దొర చెవిటివాడు,
దగ్గరి దొర ఎవరికో చుట్టం"
అంటుంది నర్సు అకీరు, సిరంజీలు లెక్కపెడుతూ.

నిన్న మాత్రం
నాపెయోక్ ముసలమ్మ
టీకా పడని మనవరాలిని భుజాన వేసుకుని
అతని గుమ్మంలో కూర్చుంది.
మేకలూ ఆమెతోపాటే.
తిట్టలేదు. లేవలేదు.

సాయంత్రానికి సోడాలు బయటికొచ్చాయి.
తెల్లారి మోటారుసైకిలు వెనక మంచుపెట్టె:
పన్నెండు డోసులు.
అడిగినవి అరవై.

నైరోబీలో గుమ్మం ఎక్కడుందో
ఆమెకి ఇప్పటికీ తెలియదు.